బంతికి హద్దు గీస్తేనే నేలకు ఊరట

గోల్ఫ్ బంతి దూరంపై ప్రపంచవ్యాప్తంగా తర్జనభర్జన
గట్టి పరీక్షకు నియంత్రణ సంస్థల నిర్ణయం
కొండవెలగాడ బరువుల్లోనూ అదే సూత్రం

నెల్లిమర్ల: ఆటలో దూరం పెరిగితే ఆ ఘనత ఎవరిది? క్రీడాకారుడి భుజానిదా, చేతిలోని పరికరానిదా? ఏళ్ల తరబడి నలుగుతున్న ఈ ప్రశ్న ప్రస్తుతం గోల్ఫ్ బంతి చుట్టూ తిరుగుతోంది. బంతి మితిమీరిన దూరం పోతోందని, దానిని అందుకోవడానికి మైదానాలను ఏటికేడాది పొడిగించవలసి వస్తోందని ఆ ఆట నియంత్రణ సంస్థలు తేల్చాయి. అమెరికా గోల్ఫ్ సంఘం (యూఎస్‌జీఏ), స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా పనిచేసే ఆర్ అండ్ ఏ సంస్థ కలిసి 2023 డిసెంబరు 6న బంతి పరీక్షను కఠినతరం చేస్తున్నట్లు ప్రకటించాయి. దానిపై మొదలైన వాదోపవాదాలు నేటికీ సద్దుమణగలేదు.

నెల్లిమర్ల ప్రాంతానికి ఈ ఆటతో పరిచయం తక్కువే. గోల్ఫ్ మైదానాన్ని చూడాలంటే విజయనగరం దాటి విశాఖపట్నంలోని ముడసర్లోవ వరకు వెళ్లాలి. ఈ మండలానికి క్రీడాపటంలో చోటు దక్కించింది బంతి కాదు, బరువు. కొండవెలగాడ గ్రామం వెయిట్‌లిఫ్టింగ్‌కు పెట్టింది పేరు. అయితే పరికరానికి హద్దు ఎందుకు ఉండాలి, ఆ హద్దు లేకపోతే భారం ఎవరిపై పడుతుంది అన్న విషయం బార్బెల్ ఎత్తిన వారికి ఇట్టే బోధపడుతుంది. ఆ దృష్టితో చూస్తే గోల్ఫ్ బంతి గొడవ సంపన్నుల ఆటకు సంబంధించిన సాంకేతిక వివాదం మాత్రమే కాదు. అది భూమికి, నీటికి, ఆట అందుబాటుకు సంబంధించినది కూడా.

ఆట తీరు ఇదీ

గోల్ఫ్ మైదానంలో సాధారణంగా 18 అంచెలు ఉంటాయి. ప్రతి అంచెలోనూ ఒక చివర నుంచి బంతిని కొట్టి, మరో చివర ఉన్న చిన్న గుంతలో పడేయాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. మొదటి దెబ్బ సాధ్యమైనంత దూరం పోయేందుకు డ్రైవర్ అనే పొడవాటి కర్రను వాడతారు. తరువాతి దెబ్బలకు దూరాన్ని బట్టి రకరకాల కర్రలు ఎంచుకుంటారు.

పూర్వం బలంగా కొట్టే ఆటగాడికి కూడా రెండో దెబ్బకు గుంత దూరంగానే ఉండేది. అప్పుడు నేర్పు, లెక్క, గాలివాటు గమనించే తెలివి అవసరమయ్యేవి. బంతి తొలి దెబ్బకే గుంత సమీపానికి చేరితే ఆ నేర్పుకు పని తగ్గిపోతుంది. ఆట మొత్తం బలప్రదర్శనగా మారుతుందన్నది విమర్శకుల ఆవేదన.

ఈకల నుంచి రబ్బరు వరకు

గోల్ఫ్ బంతి చరిత్ర ఆసక్తికరమైనది. తడిపిన తోలు సంచిలో ఉడికించిన పక్షి ఈకలను కుక్కి, కుట్టి, ఆరబెట్టి తొలినాళ్లలో బంతులు తయారుచేసేవారు. నిపుణుడైన పనివాడు రోజంతా శ్రమించినా నాలుగైదు బంతులకు మించి చేయలేకపోయేవాడు. వానలో తడిస్తే ఆ బంతి పనికిరాకుండా పోయేది. 1848 ప్రాంతంలో మలయా అడవుల చెట్టుపాలతో చేసిన గట్టి బంతి వచ్చింది. ధర తగ్గడంతో ఆట సామాన్యులకు కొంత చేరువైంది.

అసలు మలుపు 1898లో వచ్చింది. అమెరికాకు చెందిన కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారాన్ని బిగించి చుట్టి బంతి మధ్యభాగాన్ని రూపొందించారు. జూట్ మిల్లులో కండెకు నూలు చుట్టడం చూసిన నెల్లిమర్ల వాసులకు ఈ పద్ధతిని ఊహించుకోవడం కష్టం కాదు. నూలు ఎంత బిగువుగా చుడితే కండె అంత గట్టిపడినట్లే, రబ్బరు దారం ఎంత సాగదీసి చుడితే బంతి అంత వేగంగా ఎగిసేది. దాదాపు ఒక శతాబ్దం పాటు మేటి ఆటగాళ్లు వాడింది దారం చుట్టిన బంతులనే.

2000 సంవత్సరంలో పరిస్థితి తారుమారైంది. దారం లేకుండా, గట్టి రబ్బరు గుండెకు పొరలు అమర్చి, పైన మెత్తని పాలియురేథేన్ తొడుగు వేసిన టైటిలిస్ట్ కంపెనీ ప్రో వీ1 బంతి రంగప్రవేశం చేసింది. స్వల్పకాలంలోనే వృత్తి ఆటగాళ్లలో అత్యధికులు దారపు బంతిని వదిలేశారు.

గుట్టంతా గిరక తిరగడంలోనే

బంతి దూరాన్ని ప్రధానంగా మూడు అంశాలు నిర్ణయిస్తాయి. కర్రను వదిలేటప్పటి వేగం మొదటిది. పైకి లేచే కోణం రెండోది. గాలిలో వెనక్కు గిరగిరా తిరిగే భ్రమణం మూడోది. వెనక్కు తిరిగే బంతికి కింది గాలి ఆసరా ఇస్తుంది. అందుకే అది రాయిలా పడిపోకుండా తేలుతూ పోతుంది. భ్రమణం మితిమీరితే మాత్రం బంతి నిటారుగా పైకి లేచి దూరం కోల్పోతుంది.

బంతి మీద కనిపించే చిన్న చిన్న సొట్టలు అలంకారం కోసం కాదు. నునుపైన బంతి వెనుక గాలి విడిపోయి పెద్ద సుడి ఏర్పడి, దానిని వెనక్కు లాగుతుంది. సొట్టలు ఉంటే గాలి బంతి ఉపరితలాన్ని మరికొంత సేపు అంటిపెట్టుకుని ఉంటుంది. వెనుక సుడి చిన్నదవుతుంది. నునుపు బంతి సొట్టల బంతి పోయే దూరంలో ఇంచుమించు సగమే పోతుంది. గాట్లు పడిన పాత బంతులు కొత్తవాటి కంటే బాగా ఎగురుతున్నాయని ఆటగాళ్లే మొదట గమనించారు. ఇంగ్లండ్‌కు చెందిన విలియం టేలర్ 1905లో సొట్టల బంతికి పేటెంటు పొందారు.

దారపు బంతికి ఒక సహజమైన కళ్లెం ఉండేది. డ్రైవర్‌తో మరీ బలంగా కొడితే అది అతిగా తిరిగి దారి తప్పేది. అందువల్ల ఆటగాడు తన బలాన్ని కొంత అదుపులో ఉంచుకునేవాడు. పొరల బంతి ఆ భయాన్ని తొలగించింది. డ్రైవర్ దెబ్బకు తక్కువగా, చిన్న కర్రల దెబ్బకు ఎక్కువగా తిరిగేలా దానిని మలిచారు.

కర్ర కూడా మారింది. ఒకప్పుడు డ్రైవర్ తలను పెర్సిమన్ కలపతో చెక్కేవారు. మన మన్యంలో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టూ, ఆ పెర్సిమన్ చెట్టూ ఒకే ప్రజాతికి చెందినవి. కలప స్థానంలో ఉక్కు, ఆ తరువాత బోలుగా ఉండే పెద్ద టైటానియం తల వచ్చాయి. దెబ్బ కొంచెం అటూ ఇటూ తగిలినా బంతి చెక్కుచెదరకుండా పోతోంది. వ్యాయామశాలల్లో కండబలం పెంచుకునే ఆటగాళ్లూ పెరిగారు. దూరం పెరగడానికి బంతి ఒక్కటే కారణం కాదని కంపెనీలు వాదించేది అందుకే.

గజాలు పెరిగాయి.. మైదానాలు సాగాయి

అమెరికా పీజీఏ టూర్‌లో 1980లో డ్రైవర్ దెబ్బ సగటు దూరం సుమారు 257 గజాలు. 2003 నాటికి అది 286 గజాలు దాటలేదనిపించే స్థాయికి చేరింది. 2023లో దాదాపు 300 గజాలు పలికింది. నాలుగు దశాబ్దాల్లో పెరిగిన దూరం 40 గజాల పైమాటే. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు. అంటే సగటు దెబ్బే రెండు పిచ్‌ల మేర పెరిగిందన్నమాట.

దీని ఫలితం నేల మీద కనిపిస్తోంది. మాస్టర్స్ పోటీ జరిగే అమెరికాలోని ఆగస్టా నేషనల్ మైదానం పొడవు 2001లో 6,985 గజాలు. 2024 నాటికి 7,555 గజాలకు చేరింది. అక్కడి ప్రసిద్ధమైన 13వ అంచెను పొడిగించడానికి క్లబ్బు పక్కనున్న మరో క్లబ్బు నుంచి స్థలం కొన్నది. 2023లో ఆ అంచెను 510 గజాల నుంచి 545 గజాలకు పెంచింది. ఆటకు పుట్టినిల్లుగా భావించే సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ పరిస్థితి మరీ ఇబ్బందికరం. ఒకపక్క సముద్రం, మరోపక్క ఊరు. జరగడానికి చోటే లేదు. 1990లో 6,933 గజాలుగా ఉన్న ఆ మైదానాన్ని 2022 ఓపెన్ పోటీ నాటికి పక్క స్థలాల్లోకి వెనక్కు జరుపుతూ 7,313 గజాలకు తీసుకువెళ్లారు.

డబ్బున్న క్లబ్బు పక్క స్థలం కొనగలదు. లేని క్లబ్బు సంగతేమిటి? పొడిగించిన ప్రతి గజానికీ పచ్చిక పెంచాలి, నీరు పెట్టాలి, ఎరువు వేయాలి, కోత కోయాలి. ఈ ఖర్చంతా చివరకు ఆడేవారి రుసుములోనే కలుస్తుంది. దూరంపై యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ 2020 ఫిబ్రవరిలో వెలువరించిన నివేదిక సారాంశం కూడా ఇంచుమించు ఇదే. బంతి దూరం, మైదానం పొడవు ఒకదానినొకటి తరుముకుంటూ పోవడం ఆట భవిష్యత్తుకు మంచిది కాదని ఆ నివేదిక హెచ్చరించింది.

చిన్న లెక్క వేస్తే విషయం తేటతెల్లమవుతుంది. డ్రైవర్ వాడే అంచెలు 14 అనుకుని, ఒక్కో అంచెను 15 గజాలు పొడిగిస్తే మొత్తం 210 గజాలు. అంటే 192 మీటర్లు. వెడల్పు 60 మీటర్లు అనుకుంటే కావలసిన నేల రమారమి 2.85 ఎకరాలు. గ్రామీణ పేదలకు రాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో పంపిణీ ప్రారంభించిన సెంటున్నర ఇంటి స్థలాల లెక్కన, రోడ్లు మినహాయిస్తే, అందులో 190 స్థలాలు పడతాయి. ఒక్క మైదానం, ఒక్క విడత పొడిగింపు మాటే ఇది.

కొత్త పరీక్ష ఎలా ఉంటుంది?

బంతికి హద్దు గీయడం ఇప్పుడే మొదలు కాలేదు. 1921లోనే బరువుకు, పరిమాణానికి నియమం పెట్టారు. ప్రస్తుత నిబంధన ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఓ మోస్తరు నిమ్మకాయ సైజు అనుకోవచ్చు. బ్రిటన్‌లో కొంత చిన్న బంతి చాలాకాలం చలామణీ అయింది. 1990 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా పెద్ద బంతే తప్పనిసరైంది.

మొత్తం దూరానికి పరిమితి 1976లో వచ్చింది. మనిషి కొడితే ఒక్కో దెబ్బ ఒక్కోలా ఉంటుంది కనుక యంత్రంతో కొట్టించి కొలిచేవారు. అమెరికా ఆటగాడు బైరన్ నెల్సన్ శైలిని అనుకరించిన ఆ యంత్రానికి 'ఐరన్ బైరన్' అని పేరు. 2004లో సవరించిన ప్రమాణం ప్రకారం, కర్ర తల గంటకు 120 మైళ్ల (193 కిలోమీటర్ల) వేగంతో తగిలినప్పుడు బంతి 317 గజాలకు మించి పోరాదు. కొలతలో తేడాలకు మరో మూడు గజాలు సడలింపు.

2023 నిర్ణయంలో ఆ 317 గజాల అంకె మారలేదు. పరీక్షే మారింది. కర్ర వేగాన్ని 125 మైళ్లకు (201 కిలోమీటర్లకు) పెంచారు. పైకి లేచే కోణాన్ని 10 డిగ్రీల నుంచి 11 డిగ్రీలకు, భ్రమణాన్ని నిమిషానికి 2,520 చుట్ల నుంచి 2,200 చుట్లకు మార్చారు. ఇవన్నీ బంతిని ఎక్కువ దూరం పంపే మార్పులే. అయినా బంతి మాత్రం పాత గీత దాటకూడదు. ఉత్తీర్ణత మార్కులు మార్చకుండా ప్రశ్నపత్రాన్ని కఠినం చేయడం లాంటిది ఇది. ఇప్పుడు వాడుకలో ఉన్న పొడవైన బంతులు అనేకం ఈ పరీక్షలో తప్పుతాయి. కంపెనీలు కొత్త బంతి తయారుచేయక తప్పదు.

అత్యంత బలంగా కొట్టేవారికి 13 నుంచి 15 గజాలు, వృత్తి పోటీల్లోని పురుషులకు సగటున 9 నుంచి 11 గజాలు, మహిళా వృత్తి క్రీడాకారిణులకు 5 నుంచి 7 గజాలు తగ్గవచ్చని ఆ సంస్థలు అంచనా కట్టాయి. సరదాగా ఆడేవారికి తగ్గేది ఐదు గజాలు, లేదా అంతకంటే తక్కువ. అప్పట్లో ప్రకటించిన కాలపట్టిక ప్రకారం అగ్రశ్రేణి పోటీలకు 2028 జనవరి నుంచి, సాధారణ ఆటగాళ్లకు 2030 జనవరి నుంచి నియమం వర్తించాలి. ఆ తేదీలపైనా చర్చ ఆగలేదు.

కాదనేవారి వాదన

వ్యతిరేకుల వాదన తీసిపారేయదగింది కాదు. బంతిని గంటకు 125 మైళ్ల కర్ర వేగంతో కొట్టగలవారు ప్రపంచంలో పిడికెడు మందే. వారి కోసం కోట్లాది సామాన్య ఆటగాళ్ల బంతిని మార్చడం ఏమి న్యాయమని వారు అడుగుతున్నారు. వయసు మీదపడి, దూరం తగ్గిపోయిన ఆటగాడికి ఐదు గజాలు కూడా లోటే. ప్రేక్షకులు పెద్ద దెబ్బలు చూడటానికే వస్తారని, వాటిని తగ్గిస్తే ఆదరణ తగ్గుతుందని మరో వాదన. మైదానాలను పొడిగించే బదులు దారులను ఇరుకు చేయవచ్చు, పక్క గడ్డిని ఎత్తుగా పెంచవచ్చు కదా అన్నది ఇంకో సూచన.

టైటిలిస్ట్ బంతులు తయారుచేసే అకుష్నెట్ కంపెనీ ఈ మార్పును గట్టిగా వ్యతిరేకించింది. అమెరికాలోని శిక్షకుల సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా అభ్యంతరం తెలిపింది. అమెరికా ఆటగాడు జస్టిన్ థామస్ బహిరంగంగానే తప్పుపట్టారు.

2023 మార్చిలో నియంత్రణ సంస్థలు మొదట ప్రతిపాదించింది వేరు. అగ్రశ్రేణి పోటీలకు మాత్రమే తక్కువ దూరం పోయే బంతి, మిగిలినవారికి పాత బంతి. ఊళ్లో టెన్నిస్ బంతితో, టోర్నమెంటులో తోలు బంతితో క్రికెట్ ఆడినట్లు. మనకు ఇది సహజంగా తోచినా గోల్ఫ్ లోకం అంగీకరించలేదు. మహా ఆటగాడు, మామూలు ఆటగాడు ఒకే బంతితో, ఒకే నియమంతో ఆడటమే తమ ఆట ప్రత్యేకత అని అనేకులు పట్టుబట్టారు. పీజీఏ టూర్ కూడా ఆ ప్రతిపాదనకు మద్దతు ఇవ్వలేదు. దాంతో అందరికీ ఒకే బంతి అన్న నిర్ణయం వెలువడింది. రెండు బంతులు వద్దన్నవారే ఇప్పుడు ఒక బంతినీ వద్దనడం విడ్డూరంగా ఉందని మద్దతుదారులు ఎత్తిపొడుస్తున్నారు.

ఔననేవారి మాట

18 మేజర్ టైటిళ్లు గెలిచిన జాక్ నిక్లాస్ దశాబ్దాలుగా బంతిని తగ్గించాలని కోరుతూ వచ్చారు. టైగర్ వుడ్స్ ఈ ఆలోచనను సమర్థించారు. అత్యంత దూరం కొట్టేవారిలో ఒకరైన రోరీ మెకిల్‌రాయ్ సైతం నిర్ణయానికి మద్దతు పలకడం విశేషం. తనకున్న అనుకూలతను తగ్గించే నియమాన్ని ఆయనే స్వాగతించారు. తొలి దెబ్బతోనే సగం పని పూర్తయితే మిగతా కర్రలతో నేర్పు చూపే అవకాశం ఉండదన్నది ఈ వర్గం మాట.

తగ్గించేది మరీ స్వల్పమన్నవారూ లేకపోలేదు. 320 గజాలు కొట్టే ఆటగాడికి 15 గజాలు తగ్గితే అయిదు శాతం కూడా కాదు. అయినా ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే వచ్చే ఇరవై ఏళ్లలో మరో 20 గజాలు పెరుగుతుందని, అప్పుడు పొడిగించడానికి నేల మిగలదని వీరంటున్నారు.

ఇతర ఆటల్లోనూ ఇదే బాట

పరికరానికి పగ్గం వేసిన మొదటి ఆట గోల్ఫ్ కాదు. తూర్పు జర్మనీకి చెందిన ఉవే హోన్ 1984 జులై 20న జావెలిన్‌ను 104.80 మీటర్లు విసిరారు. ఇంకొంచెం పోతే ఈటె మైదానం దాటి పరుగుబాట మీద పడేది. బల్లెం మొన తాకకుండా పడుకున్నట్లు దిగడంతో కొలతలపై తగాదాలూ వచ్చేవి. దాంతో 1986 ఏప్రిల్‌లో జావెలిన్ గురుత్వ కేంద్రాన్ని నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపారు. ఈటె త్వరగా ముక్కు వంచి నేలకు దిగసాగింది. రికార్డులు మళ్లీ మొదటి నుంచి మొదలయ్యాయి. అదే హోన్ తరువాతి కాలంలో నీరజ్ చోప్రాకు కొంతకాలం శిక్షణ ఇచ్చారు. నీరజ్ 2021లో టోక్యోలో 87.58 మీటర్లతో స్వర్ణం గెలిచింది ఆ మారిన ఈటెతోనే. మార్పు వల్ల ఆట చచ్చిపోలేదు.

ఈతలోనూ అంతే. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో పాలియురేథేన్ దుస్తులు ధరించిన ఈతగాళ్ల జోరుకు ఏకంగా 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. 2010 జనవరి నుంచి ఆ దుస్తులను నిషేధించారు. క్రికెట్‌లో బ్యాటు అంచు 40 మిల్లీమీటర్లకు, మందం 67 మిల్లీమీటర్లకు మించరాదని 2017 అక్టోబరు 1 నుంచి నియమం వచ్చింది. 1936లో భారత జట్టుకు నాయకత్వం వహించిన మహారాజ కుమార్ విజ్జీ పేరు విజయనగరం జిల్లాలో నేటికీ వినిపిస్తుంది. ఆయన కాలపు బ్యాటు పక్కన నేటి బ్యాటు పెడితే ఆ నియమం ఎందుకు వచ్చిందో వివరించనక్కరలేదు.

కొండవెలగాడ చెప్పే పాఠం

వెయిట్‌లిఫ్టింగ్‌లో ఈ జాగ్రత్త మొదటి నుంచీ ఉంది. పురుషుల బార్ 20 కిలోలు, మహిళల బార్ 15 కిలోలు. పొడవు, మందం, బిళ్లల వ్యాసం, రంగు అన్నీ నియమం ప్రకారమే. ఎర్ర బిళ్ల 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. కొండవెలగాడలో ఎత్తినా, గ్లాస్గోలో ఎత్తినా కిలో కిలోయే. ఇక్కడి క్రీడాకారిణి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం సాధించారు. మొదట కాంస్యం దక్కినా, స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి డోపింగ్ పరీక్షలో పట్టుబడటంతో సంతోషికి రజతం లభించింది. మందుతో వచ్చిన బలాన్ని నియమం ఒప్పుకోలేదు కనుకనే న్యాయం జరిగింది.

అంతర్జాతీయ సమాఖ్య 2018లో శరీర బరువు విభాగాలను మార్చినప్పుడు సంతోషి పోటీపడిన 53 కిలోల విభాగం రద్దయింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 69 కిలోల విభాగమూ అప్పుడే పోయింది. 2025లో చేసిన మరో మార్పుతో ఆ రెండు విభాగాలూ తిరిగి వచ్చాయి. మారిన ప్రతిసారీ రికార్డుల పుస్తకంలో కొత్త పేజీ తెరిచారు. కొలమానం మారితే పాత ఘనత చెరిగిపోదని, కొత్త పోటీ ఆగిపోదని ఉత్తరాంధ్ర లిఫ్టర్ల అనుభవమే చాటుతోంది.

అంతకంటే ముఖ్యమైనది స్థలం. వెయిట్‌లిఫ్టింగ్ వేదిక నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. అంటే 16 చదరపు మీటర్లు. క్రీడాకారుడు ఎంత బలవంతుడైనా ఆ వేదిక పెరగనక్కరలేదు. ఒక మోస్తరు గదిలో ఇమిడిపోతుంది. నెల్లిమర్ల మండలంలోని ఒక పల్లె అంతర్జాతీయ పతకం వరకు వెళ్లగలిగిందంటే గురువుల శ్రమ, పిల్లల పట్టుదలతో పాటు ఆ చిన్న వేదిక కూడా కారణమే. 18 అంచెల గోల్ఫ్ మైదానానికి వంద ఎకరాలకు పైబడి స్థలం కావాలి. బంతి దూరం పెరిగే కొద్దీ అదీ చాలదు. పరికరం పెరిగితే ఆట వైశాల్యం పెరుగుతుంది. ఆట వైశాల్యం పెరిగితే చిన్న ఊళ్లకు, చిన్న చేతులకు అది దూరమవుతుంది.

మనకు ఎలా వర్తిస్తుంది?

అమెరికా, మెక్సికో మినహా మిగతా ప్రపంచమంతటా గోల్ఫ్ నియమాలు ఆర్ అండ్ ఏ పరిధిలోకి వస్తాయి. కనుక మన దేశంలో జరిగే పోటీలకూ కొత్త బంతే ప్రమాణమవుతుంది. హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లా ఆవరణలో ఉన్న గోల్ఫ్ మైదానాన్నే తీసుకుంటే, చుట్టూ కుతుబ్‌షాహీల కాలపు కోట గోడలు, కట్టడాలు, ప్రసిద్ధమైన బావోబాబ్ వృక్షం ఉన్నాయి. అక్కడ మైదానం పనులపై వారసత్వ పరిరక్షకులు పలుమార్లు అభ్యంతరం చెప్పారు. అటువంటి చోట గోడను జరపలేరు. బంతినే అదుపు చేయాలి.

తెలుగువారికి ఈ ఆటతో అనుబంధం కూడా పెరుగుతోంది. హైదరాబాద్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన దంపతుల కుమారుడు తీగల సాహిత్ 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో తొలి విజయం నమోదు చేశారు. 2024లో ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టు తరఫున ఆడారు. ఆయనను చూసి కర్ర పట్టాలనుకునే తెలుగు పిల్లలకు మైదానం ఎంత దూరంలో, ఎంత రుసుముతో దొరుకుతుందన్నది బంతి ఎంత దూరం పోతుందన్న దానితో ముడిపడి ఉంది.

నెల్లిమర్ల నియోజకవర్గంలోనే ఉన్న భోగాపురంలో విమానాశ్రయం తలపెట్టిన నాటి నుంచి విశాఖ, విజయనగరం నడుమ భూమికి గిరాకీ ఎలా పెరిగిందో ఈ ప్రాంతవాసులకు వేరే చెప్పనక్కరలేదు. వరి పొలం, జీడితోట, కొబ్బరితోట, ఇంటి స్థలం.. ప్రతిదీ ఆ నేల కోసమే పోటీపడుతున్నాయి. ఇలాంటి చోట ఏ ఆట అయినా తనకు కావలసిన జాగాను పెంచుకుంటూ పోవడం సాధ్యపడదు. 15 గజాల తగ్గింపుతో ఆటగాడి కీర్తి తగ్గదు. అందరి దూరమూ తగ్గుతుంది కనుక మేటి ఆటగాడు మేటిగానే ఉంటాడు. తగ్గకపోతే మాత్రం ఆ గజాల మూల్యం నేల, నీరు, రుసుము రూపంలో ఎవరో ఒకరు చెల్లించాల్సిందే. నియంత్రణ సంస్థల నిర్ణయం ఏ తేదీన అమలులోకి వచ్చినా, దానిని అంచనా వేయడానికి పనికివచ్చే కొలబద్ద అదే.